తిలకం పెట్టిన మర

కంబదూరు,
21-6-1987.

చిరంజీవి ఎర్రిస్వామికి అక్క రాస్తున్నది.

అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. మృగశిర కార్తె గడిచిపోతోంది, చుక్క లేదు. విత్తనపు కాయలు మూటల్లోనే ఉన్నాయి. వాటిని తిని ఎలుకలు మాత్రం బాగున్నాయి.

అసలు సంగతి వేరే. భజన పెద్ద చెన్నప్ప నిన్న నలుగురినీ కూర్చోబెట్టి, ఈ శ్రావణంలో వాన కోసం మళ్ళీ ఏడు రోజుల భజన అని చెప్పినాడు. మైకు సుంకప్పదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నీకు తెలియనిది కాదు. కానీ రాస్తే నా కడుపుమంట కాస్త తగ్గుతుంది, ఓపిగ్గా చదువు. మూడేండ్ల కింద ఇదే భజనకు మైకు మీ బావది. స్తంభాలెక్కి హారన్‌లు కట్టడానికి, బ్యాటరీలు మోయడానికి సుంకప్పను పెట్టుకున్నాడు. మన భజన ఎత్తుకుంటే ఏడో రోజు హారతి దాకా తెగకూడదు గదా. చుట్టుపక్కల నాలుగు పల్లెల వాళ్ళు పనులు మానుకుని రాలేక, హారన్‌లో విని ఇంట్లోనే కూర్చొని పలుకుతారు. అందుకని మైకు ఆగితే భజన ఆగినట్టే. ఆరో రోజు కరెంటు పోయింది. మీ బావ బ్యాటరీకి మార్చినాడు. బ్యాటరీ చచ్చి ఉంది. చార్జింగుకు కల్యాణదుర్గం ఎత్తుకుపోయింది ఎవరు? సుంకప్ప. "నిండుగా చేయించినానన్నా, నీ సెట్టే తాగేసినాది" అని అందరి ముందర అన్నాడు. మీ బావ వైర్లు చుట్టుకుని ఇంటికి వచ్చేసినాడు.

ఆ ఏడు వాన పడలేదు, తప్పంతా మీ బావ నెత్తిన పడింది. చేలు ఎండినా ఆయనే, బావులు ఇంకినా ఆయనే. మళ్ళీ ఒక్క పెళ్ళికి పిలిచినవాళ్ళు లేరు. రెండు నెలలు తిరక్కుండానే సుంకప్ప సొంత సెట్టు కొన్నాడు. మీ బావ అంగట్లో తల వంచుకుని రేడియోలు బాగు చేస్తాడు, అంతే. అటక మీది హారన్‌లో మన కోడి గుడ్లు పెడుతోంది.

ఏడో రోజు హారతి అయినాక సేవ చెప్పుకుంటారే, హారతి పళ్ళెం మీద చెయ్యి పెట్టి, మైకులో, నూనె నాది, బెల్లం నాది, నీళ్ళు మోసింది నేను అని. భజన తెగిపోయి, మీ బావకు ఆ మాట చెప్పుకునే రాత కూడా లేకపోయింది. దేవుడి ముందర అబద్ధం చెబితే నోరు పడిపోతుందని ఊరంతా భయం. సుంకప్ప నోరు మాత్రం గుండ్రాయిలాగా ఉంది.

ఎర్రీ, మీ కంపెనీలో తక్కువ కరెంటుకు కూడా పనిచేసే పెట్టెలేవో చేస్తారని పోయినసారి చెప్పినావు. ఇక్కడ మోటార్లు వేస్తే బల్బు చింతపిక్కలాగా ఎర్రగా అవుతుంది. నీ పెట్టె ఒకటి మీ బావ సెట్టుకు తగిలిస్తే, చెన్నప్ప దగ్గరికి నేనే పోయి మాట్లాడతాను. సుంకప్ప ముక్కు కోయాలి నాకు. అది చూసినాక వాన పడినా, పడకపోయినా సరే.

అక్క ఆంజినమ్మ

బెంగళూరు,
28-6-1987.

అక్కకు నమస్కారాలు.

జాబు అందింది. ఇక్కడ రోజూ సాయంత్రం వాన. కంపెనీ నుంచి గదికి వచ్చేలోపల చొక్కా పిండుకోవాల్సి వస్తోంది. రెండు చొక్కాలూ ఆరక, తడిదే వేసుకుని పోతున్నాను.

నువ్వు అడిగిన పెట్టె పేరు స్విచ్ మోడ్ పవర్ సప్లై. బావ సెట్టులో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గదా, ఊళ్ళో కరెంటు తగ్గితే దాన్నుంచి వచ్చేదీ తగ్గుతుంది. ఈ పెట్టె అట్లా కాదు. వచ్చే కరెంటును సెకండుకు వేలసార్లు ఆపి, వదిలి, ఆపి, వదిలి పంపిస్తుంది. బయటికి ఎంత పోతోందో తానే చూసుకుంటుంది. తగ్గితే ఎక్కువసేపు వదులుతుంది, పెరిగితే తక్కువసేపు. అమ్మ రొట్టె కాల్చేటప్పుడు పెనం వేడి చూసుకుంటూ పుల్ల లోపలికీ బయటికీ జరిపేది చూడు, అదే పని. మీ ఊరి కరెంటు సగానికి పడిపోయినా దీనికి లెక్కలేదు.

ఒక చిక్కు ఉంది. పాత సామాన్ల బజారులో దొరికే పెట్టెలు పదిహేను వోల్టులు ఇస్తాయి. బావ సెట్టు కారు బ్యాటరీ మీద నడిచేది, దానికి పదమూడు చాలు. పెట్టెను విప్పి వోల్టేజీ తగ్గించాలి. ఆ పని నాకు బాగా వచ్చు. ఒకటి చూసి పెడతాను.

బావ మళ్ళీ మైకు పట్టుకుంటున్నాడంటే నాకు ఎంత సంతోషమో! పాత పగలు పెంచుకోవద్దక్కా. ఇంట్లో మనిషి లేచి తిరిగితే అదే చాలు.

నీ తమ్ముడు
ఎర్రిస్వామి

కంబదూరు,
6-7-1987.

ఎర్రీ,

ఇంకోసారి వాన సంగతి రాసినావంటే కాగితం పొయ్యిలో పెడతాను. చొక్కా తడిసిందట! ఇక్కడ చెంబు నీళ్ళకు బోరింగు దగ్గర కొప్పులు పట్టుకుంటున్నారు.

పగ వద్దని నువ్వు చెప్పొద్దు. నువ్వు ఆ రోజు ఇక్కడ లేవు. భజన వాళ్ళు తాళాలు కింద పెట్టి మీ బావ వైపు తిరిగి చూసినారే, ఆ చూపులు నువ్వు చూడలేదు. అన్నం వడ్డించినప్పుడల్లా నాకు అవే కనబడతాయి.

పెట్టె తొందరగా పంపు. మీ బావకు ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటాడు. చేతికొచ్చినాక చూసుకుందాం. సుంకప్ప ఎదురైతే మీ బావ పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నాడు. దారి ఇస్తున్నాడు, తెలుసా! నేనైతే ఆ దారిలో ముళ్ళకంప వేసేదాన్ని.

అక్క

బెంగళూరు,
17-7-1987.

అక్కకు నమస్కారాలు.

నీకొక మంచి వార్త. పెట్టె తయారు చేసినాను, మనిషి చేతికే ఇచ్చి పంపినాను. ఈ జాబు కన్నా ముందే చేరి ఉంటుంది.

పోయిన ఆదివారం పొద్దున తలుపు తట్టితే ఎవరా అని చూసినాను. సుంకప్ప! మొదట లోపలికి రమ్మనడానికే మనసు రాలేదు. "ఏమప్పా బల్బూ, బాగుండావా? మీ బావ రాయుడన్న పంపించినాడు. పాతవన్నీ పోయినాయి లే. తక్కువ కరెంటుకు పనిచేసే పెట్టె ఒకటి నువ్వు చేసిస్తావంట" అన్నాడు. చిన్నప్పుడు నేను మీ ఇంట్లో బల్బు పేల్చినప్పటి నుంచి ఆ పేరుతో పిలిచేది బావ ఒక్కడే. బావ చెప్పకపోతే వీనికెట్లా తెలుస్తుంది? నువ్వడిగిన పెట్టె ఇదే, రాజీ అయిపోయింది, నాకు రాయడం మరిచిపోయినారు అనుకున్నాను. రాగిముద్ద, పప్పు పెట్టించినాను. ఇద్దరం కలిసి బజారుకు పోయి పెట్టె ఏరి తెచ్చినాము.

పని ఎట్లా చేసినానో బావకు చెప్పు, ఆయనకు ఇష్టం. బయటికి పోయే వోల్టేజీలో కొంత భాగాన్ని రెండు రెసిస్టర్లు లోపలి చిప్పుకు రుచి చూపిస్తాయి. ఆ రుచిని బట్టే అది పెంచడమూ తగ్గించడమూ. పై రెసిస్టర్ తీసి కొంచెం చిన్నది వేసినాను. ఇంతకు ముందు పదిహేను దగ్గర ఆగే పెట్టె ఇప్పుడు పదమూడు దగ్గర ఆగుతుంది. సన్నగా సరిచేసుకోవడానికి పక్కనే స్క్రూలాగా తిప్పే చిన్న మర ఉంది. దాన్ని సరిగ్గా తిప్పి, కదలకుండా ఎర్ర రంగు చుక్క పెట్టినాను. మా కంపెనీలో అదే పద్ధతి. ఆ చుక్క ఉంటే నా చేతి పని అని గుర్తు.

సుంకప్ప పోతూ పోతూ నా చేతులు పట్టుకున్నాడు. మనిషి మారినాడక్కా.

నీ తమ్ముడు
ఎర్రిస్వామి

కంబదూరు,
22-7-1987.

చిరంజీవి ఎర్రిస్వామికి అక్క దీవెనలు.

నీ జాబు చదివి నాకెంత సంతోషమైందో రాయడానికి మాటలు చాలవు. ఇంటికొచ్చిన మనిషికి ముద్ద పెట్టినావు, పప్పు పెట్టినావు, పెట్టె చేసి ఇచ్చినావు. మన నాయన ఉంటే మెచ్చుకునేవాడు. నీ చేతి పని అంటే మాటలా!

ఒక చిన్న మాట అడుగుతాను. ఆ పెట్టెను సెట్టుకు బిగించే పని మన అంగట్లోనే జరుగుతుందని విన్నాను. ఖరీదైన వస్తువు, నీ పేరు దాని మీద ఉంది. తెలియక ఏదో ఒకటి చేసి చెడగొడితే నీకు మాట వస్తుంది. అందుకని, ఏ పని చేస్తే అది చెడిపోతుందో వివరంగా రాయి. తగిలించిన సెట్టుకు ఏమవుతుందో కూడా రాయి. ఆ పని చేయకుండా జాగ్రత్తగా ఉంటాము.

వాన సంగతి కూడా రాయొచ్చు, నాకేమీ కోపం లేదు.

నీ మేలు కోరే
అక్క ఆంజినమ్మ

బెంగళూరు,
29-7-1987.

అక్కకు నమస్కారాలు.

నీ జాబు నా పక్కన పనిచేసే అతనికి కూడా చదివి వినిపించినాను. "నీకు మంచి అక్క ఉంది" అన్నాడు.

జాగ్రత్తలు రాస్తున్నాను. ఒకటే ముఖ్యం, ఆ ఎర్ర చుక్క పెట్టిన మరను ఎవరూ ముట్టుకోవద్దు. కుడివైపు తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది. మరీ పెరిగితే భయం లేదు, లోపల ఒక కాపలా ఉంది, పద్దెనిమిది దాటితే పెట్టె తనంతట తానే ఆగిపోతుంది. ప్రమాదం పదహారు, పదిహేడు దగ్గర. అక్కడ కాపలా పలకదు. పెట్టె బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. కానీ సెట్టులోని కండెన్సర్లు పదహారు దాకే తట్టుకుంటాయి. మొదటి రోజు ఏమీ తెలియదు. రోజూ కొంచెం కొంచెం ఉబ్బుతాయి. హారన్‌లో గుర్రుమని మోత మొదలవుతుంది. ఆ తర్వాత ఏ నిమిషమైనా పగిలిపోవచ్చు, వాటితో పాటు సెట్టు కూడా పోతుంది. అప్పుడు ఎవరూ బాగు చేయలేరు, కొత్తది కొనుక్కోవాల్సిందే.

ఇవన్నీ బావకు తెలిసినవే. నువ్వు అడిగినావని రాసినాను. ఇక్కడ వాన కొంచెం తగ్గింది.

నీ తమ్ముడు
ఎర్రిస్వామి

కంబదూరు,
8-8-1987.

ఎర్రీ,

ఇప్పుడు చెబుతాను, విను. నాకు సంతోషమైందని రాసింది అబద్ధం. నీ జాబు చదివి అంగట్లో ఉన్న సోల్డరింగు కడ్డీ విసిరి గోడకు కొట్టినాను. మీ బావ పంపినాడట! ఈ మూడేండ్లలో వాని పేరు ఇంట్లో పలకని మనిషి, వాణ్ణి నీ దగ్గరికి పంపుతాడా? బల్బు అన్న పేరు వాడు మా దగ్గర కూలికి ఉన్నప్పుడు విన్నదే. నా తమ్ముడి చేత, నా మొగుడి కోసం చేయించాలనుకున్న పెట్టెను, నా శత్రువు నోటిమాటతో ఎత్తుకొచ్చినాడు. నువ్వు ముద్ద పెట్టినావు. ఇంకో రెండు ముద్దలు పెట్టకపోయినావా?

మీ బావను అడగలేదు. అడిగితే "పోనీలే" అంటాడు. ఆ మాట ఇంకొకసారి వింటే నేను బతకను.

మొన్న సుంకప్ప పెట్టె చంకన పెట్టుకుని మన అంగడికే వచ్చినాడు. "రాయుడన్నా, దీని సంగతి నాకు తెలీదు. నువ్వే బిగించి ఇయ్యల్ల" అన్నాడు. చూడు వాని తెగింపు. మీ బావ కిక్కురుమనకుండా తీసుకుని, మీటరు పెట్టి చూసి, వైర్లు బిగించి, మూత వేసినాడు. హారన్‌లకు వైరు చాలలేదని కల్యాణదుర్గం బస్సెక్కినాడు. సెట్టూ, పెట్టే బల్ల మీద ఉన్నాయి. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

నువ్వు రాసినట్టే చేసినాను. మూత విప్పి, నీ ఎర్ర చుక్కను పిన్నీసుతో గీకినాను. మీటరు పెట్టుకుని మరను కుడివైపు తిప్పినాను, నిదానంగా, పదిహేడు దాకా. కాపలా పలకలేదు. చుక్క లేకపోతే కనిపెడతారని నా తిలకం సీసా తెచ్చి, పుల్లతో ముంచి మర మీద పెట్టినాను. నీ రంగు కంటే పిసరంత నలుపు. పెట్టె లోపల చీకట్లో ఎవరు చూస్తారు? ఆరిపోయినాక మూత బిగించినాను.

సోమవారం భజన ఎత్తుకుంటారు. అయిదో రోజో, ఆరో రోజో సుంకప్ప సెట్టు నాలుగు పల్లెల ముందర పగలాలి. తాళాలు కింద పెట్టి అందరూ వాని వైపు తిరిగి చూడాలి. నేను ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చుంటాను. కొత్త చీర కట్టుకుంటాను.

అక్క

ఈ జాబు అంటించబోతుంటే మీ బావ వచ్చినాడు. గడ్డం గీయించుకుని ఉన్నాడు. పెట్టెలో అడుగున ఉన్న తెల్లచొక్కా ఇవ్వమన్నాడు. ఎందుకంటే, "ఈతూరి బజనకు మైకు కాడ కూసునేది నేనే. సుంకప్ప బతిమాలినాడు, చెన్నప్ప ఒప్పుకున్నాడు" అన్నాడు. సెట్టు అప్పుడే దేవళం దగ్గరికి పోయింది. ఎర్రీ, పగిలేది మీ బావ చేతిలో పగులుతుంది. మళ్ళీ ఆయన వైపే తిరిగి చూస్తారు. ఇప్పుడు ఏం చేయాలి? ఎట్లా చెప్పాలి ఆయనకు? నడుస్తున్న పెట్టెలో మర తిప్పితే ఆగిపోతుందా, ఆగదా? వెంటనే రాయి.

బెంగళూరు,
12-8-1987.

అక్కా,

నమస్కారం రాయడానికి చెయ్యి రావడం లేదు.

జాగ్రత్త కోసం అడిగినావనుకుని రాసినాను. నేను నేర్చిన విద్యను, నేను నమ్మి రాసిన మాటను నా చేతి పనినే చంపడానికి వాడినావు. ఆ చుక్క పెట్టినాక మా మేస్త్రీ కూడా నా పెట్టె విప్పడు. సుంకప్ప ఎంత చెడ్డవాడైనా కానీ, ఆ పెట్టె వానిది కాదు, నాది.

కోపం తర్వాత. పెట్టె నడుస్తుండగానే మర తిప్పవచ్చు, ఆగదు. ఎడమవైపు, వెంట్రుక వెంట్రుకగా తిప్పాలి. ఒక్కసారిగా లాగితే గొంతు పడిపోతుంది. పక్కన ఒకరు మీటరు పట్టుకోవాలి. పదమూడుకు వచ్చినాక వదిలేయి. కండెన్సర్లు ఇంకా పగలకపోతే ఒకటి రెండు రోజులు గడుస్తాయి. ఇది నీ ఒక్కదానివల్ల కాదు. బావకు చెప్పు. కాళ్ళు పట్టుకుని చెప్పు.

ఇంకొక మాట. నాలుగు హారన్‌లకు సరిపడా కరెంటు ఇచ్చే పెట్టె ఏరమని బావ చెప్పినట్టు సుంకప్ప ఆ రోజు నాతో అన్నాడు. సుంకప్పకు అంత లెక్క తెలియదు. బావ పంపకుండా వాడు రాలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. బావను ఒకసారి అడగకుండా ఇంత పని ఎట్లా చేసినావు?

ఈ జాబు భజన ముగిసేలోపల చేరుతుందో లేదో. ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను.

ఎర్రిస్వామి

కంబదూరు,
19-8-1987.

చిరంజీవి ఎర్రిస్వామికి అక్క రాస్తున్నది.

నీ జాబు భజన అయిపోయిన మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది. నువ్వు తిట్టిన తిట్లన్నీ సరైనవే. అయినా మొదటి నుంచీ చెప్పనీ.

అయిదు రోజులు నేను కొత్త చీర కట్టలేదు. ఆడవాళ్ళలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాట వినలేదు, హారన్‌నే విన్నాను. ఎవరైనా దగ్గినా తల ఎత్తి హారన్ వైపు చూసేదాన్ని. మీ బావ తెల్లచొక్కాలో నిటారుగా కూర్చున్నాడు. పిల్లలు నీళ్ళు తెచ్చి ఇస్తున్నారు. చెన్నప్ప రాయుడూ అని పేరు పెట్టి పిలిచినాడు. రోజూ ఇంటికి వచ్చినప్పుడు చెబుదామని నోరు తెరిచేదాన్ని, ఆ మొహం చూసి మూసుకునేదాన్ని. మూడేండ్లకు వచ్చిన వెలుగు అది, నా నోటితో ఎట్లా ఆర్పేది?

ఆరో రోజు పగటిపూట హారన్‌లో గుర్రుమని మొదలైంది. నువ్వు రాసినట్టే. మీ బావ సెట్టు మీద అరచెయ్యి పెట్టి చూసినాడు. మీటరు పెట్టినాడు. నీ పెట్టె మూత విప్పి లోపలికి వంగినాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. వేలు లోపలికి పెట్టి తీసి చూసుకున్నాడు. ఆ వేడికి తిలకం మెత్తబడి ఉంటుంది, వేలి కొసకు ఎర్రగా అంటింది. తల ఎత్తి ఆడవాళ్ళ వైపు చూసినాడు. మొహాలన్నీ దాటుకుంటూ వచ్చి నా నుదురు దగ్గర ఆగినాడు.

ఆడవాళ్ళు మైకు బల్ల దగ్గరికి పోరు గదా. ఆయన అందరూ వినేట్టు పిలిచినాడు. "ఆంజినమ్మా, ఇట్ల రా." లేచి పోయినాను. స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి, మీటరు తాను పట్టుకుని, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "తిప్పింది నువ్వే, నువ్వే తిప్పల్ల. నిదానం. తెగినాదంటే నిన్నూ నన్నూ కట్టేసి కొడతారు."

ఎడమవైపు తిప్పినాను. నీ జాబు రాకముందే నీ వెంట్రుక లెక్క నాకు తెలిసివచ్చింది. పక్కన తాళాలు మోగుతూనే ఉన్నాయి. గుర్రు తగ్గింది. పదమూడుకు వచ్చినాక మీ బావ మీటరు కింద పెట్టి, "ఇంక పో. రేపటి దాకా ఈ మైకు నాకు కావాల" అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నా ముఖం కూడా చూడలేదు.

నేను తిరిగి వస్తుంటే సుంకప్ప ఎదురొచ్చి రెండు చేతులూ జోడించినాడు. "వదినా, నా సెట్టు కాపాడినావు. నీ రుణం తీర్సుకోలేను" అన్నాడు, అందరి ముందర. ఎర్రీ, వాడు చెప్పుతో కొట్టినా నాకు అంత నొప్పి ఉండేది కాదు. ఇంటికొచ్చి, నా పగ వాని దండంతో ముగిసిందని ఏడ్చినాను.

ఏడో రోజు హారతి అయింది. భజన తెగలేదు. సేవ చెప్పుకోవడం మొదలైంది. నూనె ఇచ్చినవాళ్ళు, బెల్లం ఇచ్చినవాళ్ళు, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే పళ్ళెం మీద చెయ్యి పెట్టి మైకులో చెప్పినారు. చివరికి మీ బావ లేచినాడు. పళ్ళెం మీద చెయ్యి పెట్టి, "ఈ ఏడు దినాలూ మైకు సేవ నాది" అన్నాడు. మూడేండ్ల తర్వాత ఆయన గొంతు హారన్‌లో విన్నాను. అక్కడితో కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు.

"మూడేండ్ల కిందట గూడా ఈడ బజన జరిగినాది. అప్పుడు బ్యాటరీ సేవ సుంకప్పది. ఆ సేవ ఆయప్ప చెప్పుకోలా, మిగిలిపోయుండాది. ఇప్పుడు చెప్పుకోనీండి" అన్నాడు. అని, సుంకప్ప చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పళ్ళెం మీద పెట్టి, మైకు వాని నోటి ముందర పెట్టినాడు.

వాడు ఊపిరి పీల్చడం హారన్‌లలో వినబడింది. నాలుగు పల్లెల్లోనూ వినబడింది. అందరూ తాళాలు కింద పెట్టినారు. అందరూ వాని వైపు తిరిగి చూసినారు. మీ బావ మైకు కదపలేదు, అట్లే పట్టుకున్నాడు. చెన్నప్ప "చెప్పు రా" అన్నాడు. వాడు చెయ్యి వెనక్కు లాక్కోబోతే పళ్ళెంలో కర్పూరం పక్కకు ఒరిగింది.

"చార్జింగుకు ఎత్తకపోలా" అన్నాడు. మళ్ళీ ఊపిరి. "కావాలనే ఎత్తకపోలా. రాయుడన్న పేరు చెడితే పెండ్లిండ్లకు నన్ను పిలుస్తారని." అంతే అన్నాడు. మీ బావ మైకు వెనక్కు తీసుకుని, బటను నొక్కి ఆపినాడు. ఏడు రోజులుగా మోగుతున్న ఊరు ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది.

నువ్వు అన్నది నిజం. వాణ్ణి నీ దగ్గరికి పంపింది మీ బావే. నిన్న అంగట్లో కూర్చోబెట్టి నాకు చెప్పినాడు. "ఈ ఊరి కరెంటుకు పాత సెట్టుతో ఏడు దినాలు నిలవదు. మైకు నిలవకుంటే బజన నిలవదు, బజన నిలవకుంటే సేవ చెప్పేది ఉండదు. అందుకే దారి ఇచ్చినా, పెట్టె చేపిచ్చినా, వాడు పిలిస్తే పోయినా. మూడేండ్లు కాసుకున్యా. నువ్వు ఒక్క మర తిప్పి అంతా మన్నులో కలిపేదానివి." నాకు చెప్పి ఉంటే నేను తిప్పేదాన్నా అన్నాను. "నీకు చెప్పుంటే ఊరంతా తెలిసేది" అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు.

సుంకప్ప సెట్టు బండిలో వేసుకుని గుమ్మఘట్ట వైపు వాళ్ళ మామ ఊరికి పోయినాడు. నీ పెట్టె మాత్రం మన బల్ల మీద వదిలిపోయినాడు, నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తృప్తిగా ఉందా అంటే ఉంది, నీతో అబద్ధం చెప్పను. వాని ఊపిరి ఇంకా నా చెవిలో ఉంది, రోజూ వింటున్నాను, తియ్యగా ఉంది. వాన సంగతి అడుగుతావేమో. మబ్బు వచ్చింది, చూసింది, పోయింది. ఈసారి దానికి ఎవరూ మీ బావను అనలేదు.

మీ బావ అటక మీది హారన్ కిందికి దించమన్నాడు. కోడిని తోలి గుడ్లు తీసినాను. శ్రావణ శనివారం పెళ్ళికి పిలిచిపోయినారు. నీ పెట్టె తనే విప్పి, మర మీద మిగిలిన తిలకమంతా గుడ్డతో తుడిచినాడు. నువ్వు వచ్చి ఎర్ర చుక్క పెట్టిందాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదట.

తుడిచిన తర్వాత కల్యాణదుర్గం నుంచి తెచ్చిన కొత్త తిలకం సీసా జేబులోంచి తీసి నా చేతికిచ్చినాడు. "ఇది మొగానికి పెట్టుకునేది" అన్నాడు.

అక్క ఆంజినమ్మ